మూడుసార్లు చదివిన శాసనం

అనగనగా మణికూటమని ఒక రాజ్యం, దానికి ధర్మకేతువని ఒక రాజు. ఆ రాజ్యంలో మూడు రకాల జనం ఉండేవాళ్ళు. కొందరు చుక్కదేవరను కొలిచేవాళ్ళు, కొందరు ఏటమ్మను కొలిచేవాళ్ళు, కొందరు కొండరాయుణ్ణి కొలిచేవాళ్ళు. ఒకరి జాతరకు ఒకరు పోయి బెల్లపన్నం తినొచ్చేవాళ్ళు. రాజుగారిది చుక్కదేవర కొలుపే. అయినా ఆయన ఎవరి దేవుడి జోలికీ పోయేవాడు కాదు.

ఆ రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు భద్రసేనుడు, నడిమివాడు శూరసేనుడు, చిన్నవాడు మకరందుడు. మకరందుడు ఏటిలో పడవ నడిపే గోరింత అనే పిల్లకు మనసిచ్చాడు. ఆమె ఏటమ్మను కొలిచే ఇంటి బిడ్డ.

ఒక ఏడు వానలు పడలేదు. పంటలు ఎండాయి, పాడి ఎండింది. అప్పుడొచ్చాడు ధూమకంఠుడనే మాంత్రికుడు. నుదుట వెండి చుక్క పెట్టుకుని, వట్టి చేత్తో గాలిలోంచి పూలు తీసి చూపించి, "చుక్కదేవర నన్ను పంపాడు. మీ నేల మీద పరాయి దేవుళ్ళున్నారు. అందుకే మీకు వాన లేదు" అన్నాడు. అని ఊరుకోలేదు, ఒక తాటాకు మీద శాసనం రాసి సభకు తెచ్చాడు. చుక్కదేవరను కొలవని వాళ్ళ సాక్ష్యం చెల్లదు, పెళ్ళి చెల్లదు, కొలువు చెల్లదు. రాజు మాటకు పైమాట చుక్కదేవర పంపిన గురువు మాట. ఇదీ ఆ శాసనం.

మణికూటంలో ఒక కట్టడి ఉంది. కొత్త శాసనమేదైనా మూడు పున్నములకు మూడుసార్లు సభలో చదవాలి. మూడోసారి నూరుగురు పెద్దల్లో సగానికి మించి చేతులెత్తితే అది నిలిచినట్టు.

మొదటిసారి చదివినప్పుడు పన్నెండు చేతులు లేచాయి. మిగతావాళ్ళు నవ్వారు. రెండోసారి చదివినప్పుడు నలభై లేచాయి. ఈసారి ఎవరూ నవ్వలేదు.

మకరందుడు తండ్రి దగ్గరికి పరుగెత్తాడు. "నాన్నగారూ, ఇది అన్యాయం కాదా? మీరొక్క మాటంటే ఆగిపోతుంది."

రాజు కొడుకు మొహం చూడలేదు. "అందరూ వాన కోసం అడుగుతున్నారు నాయనా. నేనేం చెప్పను?" అన్నాడు.

'నాన్నగారికి మంత్రం వేశారు. సభకంతా మంత్రం వేశారు' అనుకున్నాడు మకరందుడు. ఆ మాటే గోరింతతో అన్నాడు. గోరింత అవ్వ విని, "వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదు దొరా. ఏడు సముద్రాల అవతల, ఒంటి దీవిలో, పచ్చ చిలకలో ఉంది" అంది. మూడో పున్నమికి ఇంకా నెల ఉంది. మకరందుడు ఆ పొద్దే బయలుదేరాడు.

దారిలో నీళ్ళలో కొట్టుకుపోతున్న చీమను ఆకు మీదికి ఎక్కించాడు. వలలో చిక్కిన కొంగను విడిపించాడు. వెల్లకిలా పడి తన్నుకుంటున్న తాబేటిని తిప్పి నిలబెట్టాడు. తాబేలు అతన్ని వీపున ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. కొంగ ముందు ఎగురుతూ దీవి చూపించింది. అతని వెంట వచ్చిన చీమ చిలక పంజరం తాళంలో దూరి గడియ తీసింది.

మకరందుడు చిలకను చేతిలోకి తీసుకున్నాడు. చిలక కొట్టుకోలేదు. "నన్ను చంపితే వాడు చస్తాడు. నిజమే. చంపి ఏం చేస్తావు?" అంది.

"మా వాళ్ళ మీద మంత్రం విడుతుంది."

"పిచ్చివాడా! వాడికి పూలు తీయడం తప్ప ఇంకో మంత్రం రాదు. మీ వాళ్ళ మీద ఏ మంత్రమూ లేదు."

"నీ ప్రాణం కాపాడుకోడానికి అంటున్నావు" అన్నాడు మకరందుడు. అన్నాడే గానీ, తిరుగుదారిలో ఏడు సముద్రాలూ ఆ మాట అతని చెవిలో పోరుతూనే ఉంది. పగలు తిండి సయించలేదు, పడుకుంటే కన్ను మూతపడలేదు.

పున్నమి నాటి పొద్దున అతను చిలకతో సభలో అడుగుపెట్టేసరికి శాసనం మూడోసారి చదువుతున్నారు. ధూమకంఠుడు చిలకను చూసి వణికిపోయాడు. "రాకుమారా, నీ కాళ్ళు పట్టుకుంటాను" అన్నాడు. మకరందుడు కళ్ళు గట్టిగా మూసుకుని చిలక మెడ విరిచాడు. మాంత్రికుడు పీఠం మీంచి దొర్లి, నేల మీద పడి చచ్చాడు.

సభ కొయ్యబారిపోయింది. మకరందుడు ఒక్కొక్కరి మొహమే చూశాడు. ఇప్పుడు మేలుకుంటారు, ఇప్పుడు మేలుకుంటారు అని చూశాడు. ముసలి మంత్రి దగ్గరికి పోయి భుజాలు పట్టుకున్నాడు. "మంత్రం విడిచింది కదా తాతా?"

"ఏ మంత్రం బాబూ?" అన్నాడు మంత్రి.

అప్పుడు భద్రసేనుడు లేచాడు. చచ్చినవాడి నుదుటి మీది వెండి చుక్క తీసి తను పెట్టుకున్నాడు. "గురువుగారు మన కోసం ప్రాణమిచ్చారు. ఆగిన చోటి నుంచి చదవండి" అన్నాడు.

చదివారు. తొంభై తొమ్మిది చేతులు లేచాయి. నూరో చెయ్యి ముసలి మంత్రిది. అది సగందాకా లేచి ఆగింది, ఆయన చుట్టూ చూశాక అదీ లేచింది. రాజు తల వంచుకుని ముద్ర వేశాడు.

చుక్కదేవరకు మొక్కుతావా, పొద్దు గుంకేలోపు ఏరు దాటుతావా అని తమ్ముణ్ణి అడిగాడు భద్రసేనుడు. ఏటమ్మ జనానికీ అదే మాట చాటించాడు. మకరందుడు ఏటి వైపు నడిచాడు. తలుపులు తెరిచి వదిలేసిన ఇళ్ళు, ఆరిన పొయ్యిలు, ఒడ్డు నిండా మూటలు, మూటల మీద పిల్లలు. పడవలు చాలలేదు. కొందరు దుంగలు పట్టుకుని ఈదారు. ఈదిన వాళ్ళందరూ అవతలికి చేరలేదు. గోరింత అవ్వ చేరలేదు.

ఏరు దాటాక ఇసుకలో, ఏడ్చే జనం నడుమ, మకరందుడికీ గోరింతకూ పెళ్ళయింది. బాజా లేదు, విందు లేదు. ఆ పెళ్ళి ఇవతలి ఒడ్డున చెల్లింది, అవతలి మణికూటం ఒడ్డున చెల్లలేదు. ఇద్దరూ చెరో తెడ్డు పట్టి, పారిపోయి వచ్చేవాళ్ళను దాటించడమే పనిగా పెట్టుకున్నారు. మొదట కొండరాయుడి జనం వచ్చారు. తరవాత చుక్కదేవర జనమే రాసాగారు. పూజ ఆలస్యమైందని కొందరిని తరిమారు, గట్టిగా పాడలేదని కొందరిని తరిమారు. వాన మాత్రం తన ఇష్టం వచ్చిన ఏడు వచ్చింది, ఇష్టం లేని ఏడు రాలేదు.

ఏడేళ్ళు గడిచాయి. ఒక మంచు పొద్దున ఒక ముసలాయన చెప్పుల్లేకుండా అవతలి రేవులో నిలబడి కేకేశాడు. పడవ దగ్గరికి పోయింది.

"నాయనా, నన్ను దాటిస్తావా? మోకాళ్ళ నొప్పితో మూడో సాష్టాంగం చేయలేకపోయాను. నా కొడుకే వెళ్ళగొట్టాడు" అన్నాడాయన. మంచులో ఆయనకు చూపు ఆనలేదు. "అవతల నాకింకో కొడుకున్నాడని విన్నాను. రానిస్తాడో లేదో."

మకరందుడు తెడ్డు గోరింతకిచ్చి, వంగి చెయ్యి చాచాడు.

"రానిస్తాడు నాన్నగారూ. మెల్లగా కాలు పెట్టండి, పడవ ఊగుతుంది."

ముసలి రాజు ఆ చెయ్యి పట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. పడవ ఇవతలికి వచ్చింది. రాజ్యం అవతలే ఉండిపోయింది.