ఉతికే కొద్దీ ఎర్రబడ్డ బట్ట

పూర్వం ఒక రాజ్యంలో గనుల దొర రుద్రప్ప ఇనపరాళ్ల కోసం ఒక కొండను తవ్వించాడు. ఆ మట్టికి కింది వాగు పూడిపోయింది. తాగే నీళ్లు లేవని ఊరు మొత్తుకుంటే, వాగు ఒడ్డునే ఒక బావి తవ్వించి గట్టు మీద తన పేరు చెక్కించుకున్నాడు. ఆ ధర్మం చూపించి రెండో కొండకు అనుమతి పొందుదామని రాజును పిలిచాడు.

రాజు నడిచే దారిలో తెల్లబట్ట పరచడం ఊరి చాకలి ఓబులక్క వంతు. ఆమె పరిచిన బట్ట ఇటుక రంగులో ఉంది.

"రాజుగారి కాళ్ల కింద రంగుబట్ట వేస్తావటే?" అని రుద్రప్ప కసిరాడు.

"తెల్లదే దొరా. మీ బావి నీళ్లలో ఉతికాను."

అప్పుడే వచ్చిన రాజు వైపు రుద్రప్ప తిరిగాడు. "అబద్ధం ప్రభూ. నన్ను అల్లరి పెట్టాలని రంగు అద్దింది."

ఓబులక్క చేతులు కట్టుకుంది. "అద్దిన రంగైతే ఉతికే కొద్దీ వెలుస్తుంది గదా మారాజా. దొరగారి మనిషి చేతే, ఈ నీళ్లతోనే మళ్లీ ఉతికించండి."

దొర భటుడే మూడుసార్లు ఉతికాడు. ఉతికిన ప్రతిసారీ బట్ట ఇంకా ఎర్రబడింది. రాజు చెప్పులు విప్పి, ఆ బట్టను తొక్కకుండా పక్కనుంచి బావి దగ్గరికి నడిచాడు.

"రుద్రప్పా, ఇది ఈ నీళ్లలో తెల్లబడిన రోజున రెండో కొండ సంగతి అడుగు."

మర్నాడే దొర కొండమట్టి పూడిక తీయించడానికి తన పలుగులూ పారలూ వాగులోకి దింపాడు. వారానికోసారి ఓబులక్క బట్ట పిండుతుంటే, అంత దొరా గట్టు పక్కన ఊపిరి బిగబట్టి నిలబడేవాడు.