చక్రంలో ఆకు

"వెనక్కి తిరగడం తప్పా మేడమ్?" అని మృణాళిని అడిగింది. ఆమెకు విమానం నడపడం నేర్పుతున్న కెప్టెన్ దమయంతి ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. "పద, షెడ్డుకు వెళ్దాం," అన్నది.

ఆ ఉదయం రెండు శిక్షణ విమానాలు ఒకదాని వెనక ఒకటి కొండల అవతలి ఊరికి బయల్దేరాయి. ఒంటరి ప్రయాణం, అది పూర్తిచేస్తేనే పరీక్షకు పంపుతారు. కొండల మీద మబ్బు దిగి ఉండటం చూసి మృణాళిని సగం దారిలోనే మళ్ళింది. రెండో విమానంలోని ప్రద్యుమ్న మబ్బు కిందుగా దూరి వెళ్ళాడు, తిరిగొచ్చాడు. కాంటీన్‌లో అతన్ని భుజాలకెత్తుకున్నారు.

"ఏం తల్లీ, గొడుగు మర్చిపోయి వెనక్కొచ్చావా?" అన్నాడతను అందరి ముందూ. నవ్వనివాళ్ళు లేరు. అప్పటినుంచీ ఆమెకు ఒకటే బెంగ. తనది జాగ్రత్తా, పిరికితనమా? అది తేలకుండా మళ్ళీ విమానం ఎక్కడమెలా?

షెడ్డులో దమయంతి ప్రద్యుమ్న నడిపిన విమానం పక్కన వంగి, చక్రం సందులోంచి ఒక రెమ్మ లాగింది. దానికి చేటంత ఆకు, ఇంకా పచ్చిగానే ఉంది.

"ఏం చెట్టిది?"

"టేకు మేడమ్." రన్‌వే చుట్టూ గడ్డి తప్ప ఏమీ లేదు. టేకు ఉన్నది కొండల మీదే. మృణాళిని వంగి చక్రం సందులోకి చూసింది.

ప్రద్యుమ్నను పిలిపించి దమయంతి ఆకు అతని చేతికిచ్చింది. క్షణంపాటు అతని మొహం పాలిపోయింది. తర్వాత నవ్వి, ఆకును టోపీలో దోపుకున్నాడు. "ఇంత దగ్గరగా వెళ్ళొచ్చిన మొనగాడు ఇక్కడ ఇంకెవరున్నారు మేడమ్?"

"ఎవరూ లేరు. ఇకనుంచి నువ్వు ఒంటరిగా ఎగరవు. నా పక్కన కూర్చుని మొదటినుంచీ నేర్చుకో."

"విమానానికి గీత కూడా పడలేదు కదా!"

"అదే నీకు జరిగిన నష్టం."

మర్నాడూ మబ్బు వీడలేదు. మృణాళిని విమానం ఎక్కలేదు. ఎక్కనా మాననా అని ఎవరినీ అడగనూ లేదు. గొడుగు మాట మళ్ళీ ఎవరో అన్నారు. ఆమె పట్టించుకోలేదు.

ఆ వారంలోనే ప్రద్యుమ్న సామాను సర్దుకున్నాడు. వేరే రాష్ట్రంలో అతన్ని చేర్చుకునే బడి దొరికింది. వానలో అతని జీపు గేటు దాటుతుంటే గురుశిష్యులిద్దరూ వరండాలో నిలబడి చూశారు.

"అక్కడ అతనికి లైసెన్సు ఇచ్చేస్తారా మేడమ్?"

"ఇస్తారు," అన్నది దమయంతి. జీపు మలుపు తిరిగేదాకా ఆగి, "కొండలు అక్కడా ఉన్నాయి," అన్నది.