నరసమ్మ పళ్ళు

దంతవైద్యం చదువుతున్న హరిచందనకు స్మైల్ డిజైనింగ్, అంటే నవ్వు అందంగా కనబడేలా పళ్ళు తీర్చిదిద్దే పని, ఎలెక్టివ్‌గా కావాలి. బ్యాచ్‌లో సగం మంది దానికే ఎగబడుతున్నారు, మిగతా సగం ఇంప్లాంట్లకి. కట్టుడు పళ్ళ విభాగం కోరుకున్న పాపాన ఒక్కరూ పోలేదు. స్మైల్ డిజైనింగ్‌లో సీట్లు తక్కువ, పెద్దవాళ్ళెవరైనా ఓ మాట చెబితేగానీ పని జరగదు. అందుకని ఇప్పుడు తను పని నేర్చుకుంటున్న కట్టుడు పళ్ళ విభాగం చూసే పురుషోత్తం మాస్టారి దగ్గరికే వెళ్ళింది.

"నా చేతిపని మీకు తెలుసు కదా సార్. ముసలివాళ్ళ సెట్లు చేస్తూ కూర్చుంటే ఏం లాభం?" అనేసి నాలుక కరుచుకుంది.

ఆమె చేతిపని మాత్రం నిజంగా ముచ్చటైనదే, కాదనడానికి లేదు. మాస్టారికి కోపమూ రాలేదు. ఆయనకు కోపం రాగా చూసినవాళ్ళు విజయనగరం దగ్గరి ఆ కాలేజీలో ఎవరూ లేరు.

"చెబుతానులేమ్మా. ముందు మన పేషెంటు నరసమ్మగారికి నువ్వు పేర్చిన పళ్ళు చూద్దాం పద" అన్నారు.

పళ్ళింకా మైనపు చిగుళ్ళ మీదే ఉన్నాయి. నోట్లో పెట్టి చూసి, బాగున్నాయనుకున్నాకే అసలు సెట్టు చేస్తారు. హరిచందన వాటిని నరసమ్మకు పెట్టింది. తెల్లగా, తీరుగా, గీత గీసినట్టున్నాయి. నరసమ్మ అద్దంలో చూసుకుని తలూపింది. పక్కనే నిలబడ్డ ఆమె భర్త సింహాద్రి, "బాగున్నాయండి" అని మర్యాదగా అని కిటికీ వైపు తిరిగాడు.

హరిచందన మాస్టారి వైపు గర్వంగా చూసింది. ఆయన స్టూలు లాక్కుని నరసమ్మ ఎదురుగా కూర్చున్నారు.

"అమ్మా, మీ సొంత పళ్ళు ఎలా ఉండేవి?"

నరసమ్మ సిగ్గుపడిపోయింది. "ముందు పన్నొకటి పక్కదాని మీదకెక్కి ఉండీది బాబూ. ఈయనెప్పుడూ ఎక్కిరించీవోడు."

మాస్టారు సెట్టు బయటికి తీశారు. స్పిరిట్ దీపం మీద చిన్న కత్తి వేడిచేసి, ఒక్క పన్ను దగ్గర మైనం మెత్తబరిచారు. హరిచందన అంత ముద్దుగా నిలబెట్టిన పన్నును వేలితో కాస్త వంకర తిప్పి, పక్కదాని మీదకు జరిపారు. హరిచందన ప్రాణం ఉసూరుమంది. ఆయన చల్లారనిచ్చి మళ్ళీ నరసమ్మకు పెట్టారు.

"ఇప్పుడు ఆయనతో ఏదైనా మాట్లాడండమ్మా."

"ఇంటికెల్దామా?" అంది నరసమ్మ, ఏం మాట్లాడాలో తోచక.

సింహాద్రి ఇటు తిరిగాడు. తిరిగినవాడు అలాగే ఉండిపోయాడు. దగ్గరికొచ్చి, భార్య గడ్డం పట్టుకుని మొహం వెలుతురులోకి ఎత్తాడు.

"ఏటే, ఇన్నాళ్ళూ ఎక్కడికెల్లిపోనావు?" అన్నాడు.

నరసమ్మ కొంగు అడ్డం పెట్టుకుని పకపకా నవ్వింది. హరిచందనకు కళ్ళు చెమ్మగిల్లాయి.

వాళ్ళు వెళ్ళాక మాస్టారు చేతులు కడుక్కుంటూ, "నీ సీటు సంగతి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పనా?" అని అడిగారు.

"వద్దు సార్. మీ దగ్గరే ఉంటాను."

"ఎక్కడుంటేనేం తల్లీ," అన్నారాయన. "పళ్ళు బ్రహ్మాండంగా పేర్చావు. ఎవరివో అడగడమే మరిచావు."