శారమ్మను అడిగారా?

సముద్రం ఊరికి ఇంకా దగ్గరగా ఉన్న రోజుల్లో, అనగనగా ఒక ఉప్పుమళ్ల ఊరు. ఆ ఊళ్లో దీనమ్మ ఉండేది. పొద్దున మడిలో ఉప్పు కుప్పపోసేది, మధ్యాహ్నం గంపకెత్తి మోసేది, సాయంత్రం పగిలిన కాళ్లకు ఆముదం రాసుకునేది. మొగుడు యాకోబు. ఒక్కడే కొడుకు, ఏలియా.

ఏలియాకు ఒకసారి గట్టి జ్వరం వచ్చింది. "బతికితే నీకే ఇస్తాను ప్రభువా" అని యాకోబు మొక్కుకున్నాడు. పిల్లవాడు బతికాడు. పాస్టరు అయ్యగారు సంతోషించారు. "పడవ రాగానే కొండల అవతలి మిషను బడికి పంపుదాం. అక్కడే పెరుగుతాడు, అక్కడే దేవుని పని చేస్తాడు" అన్నారు.

ఆ ఆదివారం అయ్యగారు అబ్రాహాము కథ చెప్పారు. దేవుడు కొడుకును బలి అడిగాడు. అబ్రాహాము ఇస్సాకును కట్టి కట్టెల మీద పడుకోబెట్టి కత్తి ఎత్తాడు. దేవదూత ఆపాడు కాబట్టి సరిపోయింది.

ఆడవాళ్ల వైపు నుంచి దీనమ్మ లేచింది.

"అయ్యగారూ, శారమ్మను అడిగారా?"

"ఏ శారమ్మ?"

"ఆ ఇస్సాకు తల్లండీ."

మందిరమంతా నవ్వింది. పక్కనున్న సువార్తమ్మ కొంగు పట్టి లాగింది. "కూర్చోవే! దేవుడికే ఎదురు చెబుతావా?"

"దేవుడు అడిగాక ఇంకెవర్నీ అడగక్కర్లేదమ్మా" అన్నారు అయ్యగారు.

దీనమ్మకు అర్థం కాలేదు. అయ్యగారి భార్య దగ్గరికి వెళ్లింది.

"అమ్మగారూ, శారమ్మను అడిగారా?"

అమ్మగారు బియ్యం ఏరుతున్న చెయ్యి ఆపారు. "మా పెద్దదాన్ని దూరం బడికి పంపినప్పుడు నన్నూ అడగలేదు దీనా" అన్నారు. మళ్లీ ఏరసాగారు.

ఇక ఎవరూ లేనప్పుడు మందిరానికి వెళ్లి దేవుణ్ణే అడిగింది. "తండ్రీ, శారమ్మను అడిగావా? తప్పైతే కొట్టు. కానీ చెప్పు."

ఏమీ వినబడలేదు. అది కోపమో, ఓర్పో ఆమెకు తెలియలేదు.

పోటు మీద పడవ వచ్చింది. అయ్యగారు ఏలియా చెయ్యి పట్టుకుని నీళ్లలోకి దిగారు. ఒడ్డు మీది నుంచి అమ్మగారు "అడగండి" అన్నారు. ఒక్క మాటే. అయ్యగారు ఆగిపోయారు. వెనక్కి తిరిగారు.

"దీనమ్మా, నీకు ఇష్టమేనా?"

దీనమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు. వద్దంటే దేవుడికిచ్చింది లాక్కున్నట్టు. సరేనంటే బిడ్డను చేతులారా వదులుకున్నట్టు. అడగమని పోట్లాడింది గానీ, అడిగితే ఏం చెప్పాలో అనుకోలేదు.

"చెప్పవే!" అన్నాడు యాకోబు.

"నీళ్లు తీస్తున్నాయి, ఆగితే పడవ ఇసుకలో దిగబడుతుంది, చెప్పు తల్లీ" అన్నాడు పడవవాడు.

"చెప్పమ్మా" అన్నాడు ఏలియా.

అలాగే నిలబడింది. అడిగినాక జవాబు వినకుండా తీసుకుపోవడం అయ్యగారి వల్ల కాలేదు. నీళ్లు వెనక్కి పోయాయి. పిల్లవాడు లేకుండానే పడవ వెళ్లిపోయింది.

ఏలియా ఊళ్లోనే పెరిగాడు. వాడు దగ్గితే దీనమ్మ "శిక్షేమో" అనుకునేది. నవ్వితే "క్షమించాడేమో" అనుకునేది. రెండిట్లో ఏదన్నది తేలకుండానే కన్నుమూసింది. దేవుణ్ణి నిలదీసిన మనిషని కొందరన్నారు. దేవుడు జవాబిస్తాడని ఆమె అంతగా నమ్మినవాళ్లెవరని ఇంకొందరన్నారు. ఏది నిజమో చెప్పడం నాకూ చేతకాదు.

ఇప్పటికీ ఆ తీరంలో బిడ్డను దేవునికి ప్రతిష్ఠించే రోజున అయ్యగారు ముందు తల్లి వైపు తిరిగి ఇష్టమేనా అని అడుగుతారు. కొందరు తల్లులు వెంటనే చెబుతారు. కొందరు బిడ్డ మొహం చూస్తూ చాలాసేపు ఉండిపోతారు. ఎవరూ తొందరపెట్టరు. ఆమె నోరు విప్పేదాకా ఒక్కరు కూడా ఆమెన్ అనరు.