ప్రశ్నలు మేసిన విలేకరి

చెరకుతోటల వెనకాల, అడవి మొదలయ్యేచోట, ఓ పాడుబడ్డ ఇటుకబట్టీ ఉంది. అందులో ఇటుకలు కాల్చడం మానేసి చాలా ఏళ్ళయింది. ఇప్పుడక్కడ విలేకరుల్ని తయారుచేస్తున్నారు. బడి నడిపేది కాటుకమ్మ అనే ముసలి గేదె. పాఠం చెప్పేదీ ఆవిడే, పత్రిక నడిపేదీ ఆవిడే. పత్రికంటే మరేం లేదు, బట్టీ వెనక గోడ. బాదమాకు మీద తుమ్మముల్లుతో వార్త గీకి, తుమ్మబంకతో ఆ గోడకి అంటిస్తే చుట్టుపక్కల జీవాలన్నీ వచ్చి చదువుకుని పోతాయి. చదువు రానివాటికి కాటుకమ్మే చదివి వినిపిస్తుంది. కాకపోతే ఒక్కో వాక్యానికీ కాసేపు నెమరేస్తుంది కనక నాలుగు వార్తలు వినేసరికి పొద్దు వాలిపోతుంది.

ఆ బడిలో నిలదొక్కుకోవడం అంత తేలిక కాదు. కిందటేడు ఓ కప్ప చేరి, రోజూ "రేపు వాన" అని రాసేది. వైశాఖంలో కూడా అదే రాస్తే పంపించేశారు. ఓ చిలక చేరింది కానీ ఎవరేమంటే అదే అనేది. దాన్నీ పంపించేశారు. ఈ ఏడు చేరింది లవంగి అనే మేకపిల్ల.

లవంగికి తెలివుంది, కాళ్ళలో చురుకుంది, అడిగే నోరుంది. వచ్చిన చిక్కల్లా ఆ నోటితోనే. ఆకు కనపడితే ఆగలేదు. చేరి నెలైంది. రెండు మంచి వార్తలు రాసింది. రెండూ గోడదాకా వచ్చేలోపు దారిలోనే తినేసింది.

"ఏమే, నిన్నటి వార్తేదీ?" అనడిగింది కాటుకమ్మ.

"చాలా బాగా వచ్చిందండీ అమ్మగారూ," అంది లవంగి, మూతి తుడుచుకుంటూ.

"అది నాక్కాదు తెలియాల్సింది, గోడకి తెలియాలి. చూడు పిల్లా, ఈ అమావాస్యలోగా నీ వార్త ఒక్కటైనా గోడెక్కాలి. ఎక్కిన వార్త నిజమై ఉండాలి. లేదంటే మీ అమ్మతో మేతకెళ్ళిపో."

 లవంగి వాళ్ళమ్మ అప్పటికే మందంతటికీ "మా అమ్మాయి విలేకరండీ" అని చాటేసింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న మాట లవంగి ఎరగంది కాదు. ఆ సోమలింగాన్ని ఎలాగైనా కనితీరాలి.

మర్నాడు పొద్దున్నే కాలవగట్టు మీద నక్క నాగభూషణం ఎదురొచ్చాడు. మెడలో తువ్వాలు, మొహంలో విచారం.

"ఏం అమ్మాయ్, వార్తలేమైనా తగిలాయా?"

"లేదండీ నాగభూషణం గారూ. మీకేమైనా తెలిస్తే చెప్పండి మరి."

నక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చెప్పకూడదనుకున్నాను. కానీ పదిమంది ప్రాణాలకి సంబంధించిన విషయం. రైతుగారి కోళ్ళగూట్లోకి కొక్కెర తెగులు దిగింది. ఇవాళ గూట్లో పడుకున్న కోడి రేపు పొద్దున్న లేవదు."

"అయ్యయ్యో! విరుగుడు లేదాండీ?"

"ఎందుకు లేదూ? ఈ సాయంత్రం గూడొదిలేసి, కాలవ పక్కనున్న రేగుపొదల్లో పడుకుంటే సరి. బయటి గాలి తగిలితే తెగులు పారిపోతుంది."

కోళ్ళు తన విస్తట్లోకి వచ్చి పడుకుంటే ఇంకా బాగుండునని అతని మనసులో ఉంది కానీ, అంతదాకా అడిగితే బాగుండదని ఊరుకున్నాడు.

"ఎవరు చెప్పారని రాయమంటారు?"

"నా పేరు మాత్రం వద్దమ్మా. పేరు కోసం పాకులాడే ఘటాన్ని కాను. విశ్వసనీయ వర్గాలని రాసెయ్."

విశ్వసనీయ వర్గాలు! ఆ మాట వినగానే లవంగికి ఒళ్ళు పులకరించింది. ఇన్నాళ్ళూ తనకి గాడిద ఓండ్రలూ గొర్రె దగ్గులూ తప్ప వర్గాలనేవే దొరకలేదు. పొద్దున్నే నక్కతోక తొక్కినట్టున్నాననుకుంది. తోక పక్కనే ఉంది కూడా.

అయినా చదువు మరిచిపోలేదు. ముగ్గురు చెబితేగానీ రాయొద్దన్నది కాటుకమ్మ చెప్పిన మొదటి పాఠం. వెళ్ళి గాడిదనడిగింది.

"కోళ్ళకి తెగులొచ్చిందటగా?"

"ఆఁ, వచ్చిందట పాపం," అంది గాడిద.

గొర్రెనడిగింది. "వచ్చింది వచ్చింది. ఊరంతా అదే మాట," అంది గొర్రె.

బాతునడిగింది. "రాకేం? రేగుపొదలే దిక్కట," అంది బాతు.

ముగ్గురూ ఒకే మాటన్నారు. ఇంకేం కావాలి? లవంగి చెట్టు మొత్తానికెల్లా పెద్ద బాదమాకు తెంపి, కళ్ళు మూసుకుని రాసింది. కళ్ళు తెరిస్తే తినేస్తానని భయం. "కోళ్ళగూట్లో తెగులు. రేగుపొదలే శరణ్యం. విశ్వసనీయ వర్గాల సమాచారం. రాసింది: లవంగి." కాటుకమ్మకి చూపిద్దామంటే ఆవిడ ఎండకి చెరువులో దిగి ఉంది. దిగితే మూడు జాములదాకా లేవదు. ఇంత పెద్ద వార్త అంతదాకా ఆగుతుందా? అసలు ఆకు ఆగుతుందా? తనే బంక రాసి గోడకి అంటించేసింది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. గోడెక్కితే ఇక చెప్పేదేముంది? కోళ్ళగూడు పెద్ద తురాయిపుంజు స్వయంగా వచ్చి ఆకు చదివాడు. రెండోసారి చదివాడు. వెంటనే తనకి గొంతు నొప్పిగా ఉన్నట్టు తోచింది. పెట్టలన్నిటికీ తలో నొప్పీ వచ్చేసింది. ఇంకా ఎండ తగ్గకుండానే నలభై కోళ్ళూ పిల్లల్ని వెంటేసుకుని, బారులు తీరి, దగ్గుకుంటూ రేగుపొదలకి బయల్దేరాయి. లవంగి గోడ దగ్గరే నిలబడి వచ్చేపోయేవాళ్ళందరికీ తన పేరు చూపిస్తోంది.

సాయంత్రం అవుతుండగా కాటుకమ్మ నీళ్ళోడుతూ వచ్చింది. వార్త చదివింది. నెమరేసింది. మళ్ళీ చదివింది.

"ఎవరు చెప్పారే?"

"ముగ్గురండీ అమ్మగారూ! గాడిద, గొర్రె, బాతు."

"తెగులు తగిలిన కోడిని వాళ్ళలో చూసినవాళ్ళెవరు?"

లవంగి గోడ మీది ఆకు వంక చూసింది.

"ఆ ముగ్గురికీ ఎవరు చెప్పారు?"

ఈ మాట వినీ వినగానే లవంగి పరుగు లంకించుకుంది. గాడిద దగ్గరికెళ్తే, "తెల్లారగట్ల నాగభూషణం గారొచ్చి చెప్పారుగా," అంది గాడిద. "నాకూ ఆయనే చెప్పారు, ఎంత బాధపడ్డారనుకున్నావ్!" అంది గొర్రె. "నాకు రెండుసార్లు చెప్పారు, ఎవరైనా అడిగితే చెప్పమని," అంది బాతు.

లవంగికి సంగతి అర్థమైంది. తను అడిగింది మూడు నోళ్ళని. మాట మాత్రం ఒక్క నోటిదే. ఆ నోట్లో కోరలున్నాయి. తన బడి సంగతి సరే, తను రాసిన నాలుగు ముక్కలు నమ్మి నలభై ప్రాణాలు పొదల్లో కూర్చున్నాయి.

ఒక్క ఉదుటున రేగుపొదల దగ్గరికెళ్ళింది. "తురాయి మావా! వార్త అబద్ధం! గూటికి పొండి!"

పుంజు పొదలోంచి తల బయటికి పెట్టాడు. "గోడ మీదున్నది నమ్మమంటావా, నువ్వు నోటితో చెప్పేది నమ్మమంటావా?"

"ఆ గోడ మీద రాసింది నేనేనండీ!"

"రాసినప్పుడు విలేకరివి. ఇప్పుడు ఉత్త మేకవి. వెళ్ళవే, దగ్గొస్తోంది నాకు," అని తల లోపలికి తీసుకున్నాడు. లోపల్నుంచి పెట్టలన్నీ కలిసి దగ్గాయి.

ఇప్పుడేం చెయ్యాలి? కొత్త ఆకు రాసి గోడకి అంటించి, వీళ్ళని తీసుకెళ్ళి చదివించేలోపు నక్క భోజనం ముగించి చెయ్యి కడుక్కుంటాడు. ఒక్కటే దారి. ఎవడు చెప్పాడో వాడి నోటితోనే, వీళ్ళకి వినపడేచోట, నిజం చెప్పించాలి. లవంగి కాలవగట్టున రాలిన బాదమాకు తీసుకుని, పదునైన ప్రశ్నలు ఐదు గీకింది. పొదకి పదడుగుల దూరంలో, నక్క వచ్చే బాటకి అడ్డంగా నిలబడింది.

నిలబడిందే కానీ భయం భయంగా ఉంది. భయమేస్తే కొందరు గోళ్ళు కొరుకుతారు. నాగభూషణం దూరాన కనపడ్డాడు. కూనిరాగం తీసుకుంటూ, ఉప్పూకారం పొట్లం చంకన పెట్టుకుని వస్తున్నాడు. అతను దగ్గరయ్యేసరికి లవంగి మొదటి ప్రశ్న చూసుకుందామని ఆకు కోసం వెతికింది.

ఆకు లేదు. ఐదు ప్రశ్నలూ బుగ్గలో ఉన్నాయి.

"ఏం అమ్మాయ్, ఇక్కడున్నావేం?" అన్నాడు నక్క, పొట్లం వెనక్కి దాచుకుంటూ.

"మీ ఇంటర్వ్యూ కోసమండీ," అంది లవంగి, ఎలాగో నోటి సందులోంచి. ఆ తర్వాత ఏమడగాలో ఒక్క ముక్క గుర్తు రాలేదు. నమలడం మొదలెట్టింది.

నక్క మొహం చాటంతయింది. "ఇంటర్వ్యూనా? నాదా? అయితే ఈసారి పేరు రాయి. పెద్దక్షరాల్లో. నాగభూషణం, తండ్రి కోదండం. ఊఁ, అడుగు."

లవంగి నమిలింది.

"ఏమీ అడగవేం? ఓహో, నన్నే చెప్పమంటావు. మంచిది. ఈ తెగులు కనిపెట్టింది నేనే."

లవంగి అతని కళ్ళలోకి చూస్తూ నమిలింది. బాదమాకు పీచు తేలిగ్గా దిగేది కాదు.

"అలా చూస్తావేం? నమ్మట్లేదా? తెగులంటే, మరీ తెగులని కాదనుకో. ఓ పెట్ట తుమ్మింది."

నమిలింది.

"తుమ్మినట్టు విన్నాను. దాదాపుగా విన్నాను."

నమిలింది.

నక్కకి చెమటలు పట్టాయి. ఎదుటివాళ్ళు మాట్లాడితే వాళ్ళ మాటకి పది మాటలు అల్లగలడు. మాట్లాడకపోతే దేన్ని పట్టుకుని అల్లుతాడు? "పోనీ తుమ్మలేదు! ఏ కోడీ తుమ్మలేదు! మొత్తం నేనే పుట్టించాను, అయితే ఏంటి? నువ్వు కనిపెట్టేసినట్టు పోజులేంటి? అసలు ఎంత తెలివుండాలి దానికి! తెల్లారకుండా ముగ్గురిళ్ళకి తిరిగాను. రాసి పెట్టడానికి నీలాంటి కొత్తపిల్లని వెతికి పట్టుకున్నాను. నలభై కోళ్ళు తమ కాళ్ళతో తామే నడిచొచ్చాయి. మా తాతముత్తాతల్లో ఎవరికైనా ఈ ఆలోచన వచ్చిందా? రాసుకో, ఇదంతా రాసుకో!"

లవంగి మింగింది. రెండో బుగ్గలో ఇంకా ఉంది.

"ఇవాళ మా వియ్యంకుడు పదిమందితో భోజనానికొస్తున్నాడు. ఖాళీ విస్తళ్ళు వేస్తే పరువేముంటుంది? లేతపెట్టలు వియ్యంకుడికి. పిల్లలకి మెడలు. ఆ తురాయిపుంజు ఒక్కడే చిక్కు. ముసలి పుంజు, మాంసం గట్టి. పులుసు పెట్టినా ఉడకడు."

పొదలో ఒక్కసారిగా దగ్గులు ఆగిపోయాయి.

"ఎవడ్రా ముసలి పుంజు!"

తన ప్రాణం పోతుందన్నప్పుడు కూడా నోరెత్తని తురాయి, వయసు మాటెత్తగానే పొదలోంచి దూకాడు. వెనకాలే పెట్టలన్నీ. ఒకటి ముక్కు మీద పొడిచింది, ఒకటి చెవి పట్టుకుంది, పిల్లలు తోక మీదెక్కాయి. ఉప్పూకారం పొట్లం చిట్లి కళ్ళలో పడింది. నాగభూషణం అరుచుకుంటూ గట్టు మీదికి ఉరికేసరికి, అక్కడ కాటుకమ్మ దారికి అడ్డంగా నిలబడి ఉంది. ఆవిడ బయల్దేరి చాలాసేపైంది కానీ ఆవిడ నడకకి అప్పటికి చేరింది. దారి లేక నక్క కాలవలోకి దూకి, కారం కళ్ళతో అవతలి గట్టుకి ఈదుకుంటూ పోయాడు.

లవంగి కాటుకమ్మ ముందు తలొంచుకుని నిలబడింది. "నేను మేతకెళ్ళిపోతానండీ అమ్మగారూ."

"రేపు పోదువుగానిలే. ముందు గోడ మీద నీ తప్పు రాయి. తర్వాత వాడి మాటలు రాయి. నీ తప్పు పైన ఉండాలి, అంతే పెద్ద ఆకు మీద ఉండాలి, కింద నీ పేరుండాలి."

లవంగి రాసింది. "ఇవాళ నేను రాసినది అబద్ధం. ముగ్గురినడిగాను గానీ ముగ్గురికీ చెప్పింది ఒక్కరేనని చూసుకోలేదు. కోళ్ళు నన్ను క్షమించాలి. రాసింది: లవంగి." రాస్తుంటే కళ్ళనీళ్ళు ఆగలేదు. వాళ్ళమ్మ మందనంతా వెంటేసుకుని వచ్చి ఆ ఆకు ముందే నిలబడింది. సిగ్గుతో లవంగి తల ఎత్తలేకపోయింది. కాటుకమ్మ ఆ ఆకుని మూడుసార్లు నెమరేసి చదివి, "ఇది నిజం వార్త. అమావాస్య ఇంకా రెండ్రోజులుంది," అంది. లవంగి బళ్ళోనే ఉండిపోయింది.

నాగభూషణం సంగతంటారా? ఇంటికెళ్ళేసరికి వియ్యంకుడూ పదిమంది చుట్టాలూ విస్తళ్ళ ముందు కూర్చుని ఉన్నారు. "కోళ్ళు పారిపోయాయి బావగారూ, తెగులొచ్చింది," అన్నాడు. పాపం అనుకుని వాళ్ళు ఆకలి కడుపుల్తో పడుకున్నారు. పొద్దున్నే వియ్యంకుడు తిరిగెళ్తూ గోడ దగ్గర ఆగాడు. పెద్దక్షరాల్లో నాగభూషణం పేరు, తండ్రి పేరుతో సహా, కింద ఆయనన్న ప్రతి మాటా పొల్లుపోకుండా ఉన్నాయి. ఆఖర్న కోళ్ళ చేతిలో ఎన్ని పోట్లు తిన్నాడో కూడా ఉంది. కోళ్ళ చేత తన్నులు తిన్న ఇంటితో వియ్యమేంటని అక్కడికక్కడే సంబంధం తెంచుకుని పోయాడు. నాగభూషణం మాత్రం ఇప్పటికీ కనపడ్డవాళ్ళందరితో, "ఆ పిల్ల నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదండీ!" అని వాపోతూనే ఉన్నాడు.

నీతి: అబద్ధాలకోరుని పట్టడానికి వంద ప్రశ్నలక్కర్లేదు, అడ్డురాకుండా వింటే వాడి నోరే వాణ్ణి పట్టిస్తుంది.