గైరమ్మ ఉప్పుగంప

పుస్తకం మూసెయ్యి ఇందూ, కళ్ళు లాగుతాయి. ఏమిటే ఆ ఇంగ్లీషు మాట? క్యారీయా? మోయడమేగా. బస్తా మోస్తారు, బిడ్డని మోస్తారు, అంతవరకు నీకు తెలిసింది. మనసులో మాటని కూడా మోస్తారని రాశాడా? దాన్ని నెత్తిన పెట్టుకుంటారా, చంకన పెట్టుకుంటారా అంటావు. మీ తాతయ్య ఉంటే పెద్ద డిక్షనరీ తీసేవారు. నాకు కథే వచ్చు. ఇటు జరుగు.

అనగనగా సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఊరి చుట్టూ ఉప్పుమడులు. ఆ ఊళ్ళో గైరమ్మ అని ఒకావిడ ఉండేది. సంతరోజున తెల్లవారగానే గంపనిండా ఉప్పు నెత్తికెత్తుకుని, కొండదారి దాటి పైఊరి సంతకి వెళ్ళేది.

నెత్తికీ గంపకీ మధ్య చుట్టకుదురు ఉంటుంది. పాతచీర పేలికను గుండ్రంగా చుట్టి చేస్తారు. కొత్తబట్ట అయితే జారుతుంది, పాతదే అతుక్కుంటుంది. మా అమ్మకి నీలం అంచుది ఒకటి ఉండేది. పిల్లి దాన్ని అటకెక్కించి అందులోనే నాలుగు కూనల్ని పెట్టింది. సరే, అది ఇంకో రోజు చెబుతా.

నిండుగంపను ఒక్కరే దించుకోలేరమ్మా. గంప ఒరుగుతుంది, మెడ విరుగుతుంది. అందుకని ఆ దారిలో ఒక కట్టుబాటు ఉండేది. అలిసినవాళ్ళు పిలిస్తే, దగ్గర్లో ఉన్నవాళ్ళు ఎవరైనా సరే ఆగాలి. గంప దించాలి. ఊపిరి తీసుకున్నాక మళ్ళీ ఎత్తాలి. ఏ ఊరని అడగకూడదు, ఎవరివాళ్ళని అడగకూడదు.

ఒకరోజు ఆకాశం మబ్బుపట్టింది. ఉప్పుకి వానంటే భయం కదా. గైరమ్మ గబగబా నడుస్తోంది. అప్పుడు వెనకనుంచి పారమ్మ పిలిచింది. పారమ్మ అదే ఊరి ముసలావిడ, ఆమె నెత్తినా ఉప్పుగంపే.

"ఓలమ్మీ గైరీ! ఓ సెయ్యెయ్యే, మెడ లాగేస్తంది!"

గైరమ్మకి వినబడింది. ఆగితే తన ఉప్పు తడిసిపోతుందనుకుంది. వినబడనట్టే నడిచింది. ఆ తర్వాత పారమ్మ రెండోసారి పిలిచింది. ఆ తర్వాత మూడోసారి పిలిచింది. గైరమ్మ కొండమలుపు తిరిగిపోయింది.

గైరమ్మ ఉప్పు పొడిపొడిగా సంతకి చేరింది. సాయంత్రం తిరిగొస్తుంటే మలుపు దగ్గర బోర్లాపడ్డ గంప కనబడింది. చుట్టూ ఉప్పు బురదలో కరిగిపోయింది. పారమ్మ ఒంటరిగా దించుకోబోయి పడిందట. ఎవరో ఇంటికి చేర్చారట. మెడ పట్టేసి మంచానపడింది. చాన్నాళ్ళు సంతకి రాలేదు.

పై సంతరోజున గైరమ్మ గంప బరువెక్కింది. అదే గంప, అంతే ఉప్పు. అయినా మెడ వంగిపోతోంది. అప్పుడు నాలుగు దోసిళ్ళ ఉప్పు తీసేసింది. బరువు తగ్గలేదు. ఆ తర్వాత మెత్తటి చుట్టకుదురు చేసుకుంది. తగ్గలేదు. ఆ తర్వాత ఆ మలుపు కనబడకుండా వాగు చుట్టూ తిరిగి వెళ్ళింది. కాళ్ళు వాచాయి కానీ, అదీ తగ్గలేదు. ఇంట్లో ఉత్తచేతులతో కూర్చున్నా నెత్తిన గంప ఉన్నట్టే ఉండేది. అన్నంలో ఉప్పు వేసుకోబుద్ధయ్యేది కాదు.

నీ పుస్తకంలో రాసిన మోత అదేనేమో చూసుకో.

చివరికి ఒకరోజు గైరమ్మ పారమ్మ గుమ్మంలోకి వెళ్ళి నిలబడింది. పారమ్మ మెడకి ఆముదపాకు కట్టు కట్టుకుని మంచంమీద ఉంది.

"రాయే గైరీ, కూకో. ఆ రోజు నిన్నే పిలిసినాను. గాలికి నీకు ఇనబడనేదేమోలే."

చూశావా, ముసలావిడే దారి చూపించింది. ఊఁ అనేస్తే అయిపోయేది. గైరమ్మ నోటిదాకా ఆ ఊఁ వచ్చింది కూడా.

"ఇనబడింది పిన్నీ," అంది గైరమ్మ. "మూడుసార్లూ ఇనబడింది. నా ఉప్పు తడుస్తాదని ఆగనేదు."

పారమ్మ గోడవైపు తిరిగింది. మెడ తిరగదు కదా, ఒళ్ళంతా తిప్పుకోవలసి వచ్చింది. "పో" అంది.

గైరమ్మ పోలేదు. పొయ్యి వెలిగించి గంజి కాచి ఇచ్చింది. పారమ్మ ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఊరంతటికీ ఉప్పమ్ముతావు, నా గంజిలో ఏటే ఈ పిసినారితనం?"

గైరమ్మ ఉప్పు వేసింది. అప్పుడు పారమ్మ అడిగింది, "రేపు ఇంకోలు పిలిస్తే ఆగుతావా?"

"ఆగుతాను పిన్నీ."

"నువ్వు ఆగుతావు. నువ్వు ఆ దారిని నేని రోజునో?"

గైరమ్మ పారమ్మను మెల్లగా లేపి నిలబెట్టి, నేల నుంచి మెడదాకా తాడుతో కొలత తీసుకుంది. ఆ తర్వాత తన అన్నదమ్ముల్ని వెంటబెట్టుకుని కొండమలుపు దగ్గరకి వెళ్ళింది. ఆ కొలతకి రెండు రాళ్ళు నిలబెట్టారు. వాటిమీద అడ్డంగా ఒక బల్లపరుపు బండ వేశారు. ఎవరినీ పిలవకుండా గంపను తలమీంచి బండమీదకి జరిపేయవచ్చు. మళ్ళీ అలాగే నెత్తికి జరుపుకోవచ్చు.

వానలు వెళ్ళాక పారమ్మ చిన్నగంపతో బయలుదేరింది. మలుపు దగ్గర ఒక్కతే గంపను బండమీదకి జరిపింది. వెనకాల గైరమ్మ నెత్తిన గంపతో నిలబడి చూస్తోంది.

"సూస్తావేటే? నువ్వూ దించుకో," అంది పారమ్మ.

గైరమ్మ దించుకుంది. ఏమీ అనుకోవడం లేదని పారమ్మ అననేలేదు. కింద నీడలో కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది. ఇద్దరూ కూర్చుని చద్దన్నం తిన్నారు. గైరమ్మ ఆ రోజు ఉప్పు వేసుకుంది.

పరీక్షలో ఏం రాయాలా? మోయడం అనే రాయి తల్లీ, మార్కు వేస్తారు. ఏమిటి, స్కూల్లో ఏదో జరిగిందా? చెప్పు, వింటున్నా... నీ క్లాసు పిల్ల పిలిస్తే వినబడనట్టు వచ్చేశావా? అంతేనా? రేపు ఆ పిల్లతో నువ్వే చెప్పు. వీధి చివరిదాకా నేనూ వస్తాను. ఇక కళ్ళు మూసుకో.

ఉప్పేమో సంతకి,
గంపేమో బండకి,
కథేమో కంచికి,
మా ఇందేమో నిద్రకి.