ఘాటెక్కని బండి

అదే బండి మూడోసారి తిరిగొచ్చింది.

కేశవులు దాన్ని గేటు దగ్గరే గుర్తుపట్టాడు. లేచి ఎదురుపోయే ఓపిక లేక, పాత టైరు మీద అట్లాగే కూర్చుండిపోయాడు. ఇరవై రోజుల్లో రెండుసార్లు దాని సెన్సార్ మార్చాడు. సైలెన్సర్‌లోకి పోయే పొగ ఎంత వేడిగా ఉందో ఇంజనుకు చెప్పే సెన్సార్ అది, వేలంత ఉంటుంది. దాని కబురు అందకపోతే ఇంజను భయపడి బలం తగ్గించుకుంటుంది.

తిరుపాలు బండి దిగాడు. గిద్దలూరు పక్క పల్లెల నుంచి ముగ్గురు కిడ్నీ రోగులను మంగళవారం, శుక్రవారం నంద్యాల ఆస్పత్రికి తెచ్చి, డయాలసిస్ అయ్యాక మళ్లీ ఇంటికి చేర్చడం అతని పని. మధ్యలో నల్లమల ఘాటు. చదును మీద చక్కగా పోయే ఆ డీజిల్ కారు, ఘాటు మొదలయ్యేసరికి హెచ్చరిక లైటు వెలిగించి చతికిలబడుతుంది.

"మొన్న మంగళవారం గూడా అట్లే నిలబడిపాయ," అన్నాడు తిరుపాలు. అరవలేదు. అరిచే శక్తి ఉన్నట్టు కూడా లేదు. "మేం పొయ్యేసరికి మిషన్లు వేరేవాళ్లకు ఇచ్చేసినారు. నాగలచ్చుమ్మకు కాళ్లు ఇంతింత వాచినాయి. రేపు శుక్రవారం. రేపు గూడా తప్పితే ఆ యమ్మ దక్కదు కేశవా."

కేశవులు బండి జబ్బు చెప్పే స్కానర్ తగిలించాడు. మళ్లీ అదే సెన్సార్ పేరు చూపించింది.

"నేనేం చేసేదన్నా? వచ్చే సామాన్లే నాసిరకంగా వస్తాండాయి. ఇంకోటి తెప్పించి వేస్తా."

"తీసిన పాతవి యాడుండాయి?"

అడిగింది దస్తగిరి మేస్త్రి. షెడ్డు మూల నులకమంచం మీద పడుకుని, కళ్లు కూడా తెరవకుండా అడిగాడు. ఆ షెడ్డు ఆయనదే. మోకాళ్లు అరిగిపోయాక ఏడాదిగా పనంతా శిష్యుడి మీద వదిలేశాడు. పదకొండేళ్ల శిష్యరికం కేశవులుది. స్కానర్ చదవడంలో అతన్ని మించినవాడు నంద్యాలలో లేడని పేరు. ఆ పేరు అతని చెవిన కూడా పడింది, అక్కడే వచ్చింది చిక్కు.

"చెత్తడబ్బాలో ఉండాయి మేస్త్రీ. చచ్చినవాటితో ఏం పని?"

"తే," అన్నాడు మేస్త్రి. గోడ పట్టుకుని లేచాడు. "తిరుపాలూ, టీ బంకులో గ్లాసుడు మరిగే నీళ్లు పట్రా నాయనా."

నీళ్లు వచ్చాయి. మేస్త్రి మీటరు ముళ్లను ఒక సెన్సార్ వైర్లకు ఆనించి, దాని కొనను నీళ్లలో ముంచాడు. మీటరులో అంకె మెల్లగా పైకి పోయింది. బయటికి తీస్తే కిందికి దిగింది. రెండోదాన్ని ముంచాడు. అదీ అంతే.

రెండింటినీ గుడ్డతో తుడిచి కేశవులు చేతిలో పెట్టాడు.

ఆడలేక మద్దెల ఓడన్న సామెత కేశవులుకు గుర్తొచ్చే ఉంటుంది, మొహం అంతగా చిన్నబోయింది. బతికున్న రెండింటిని చచ్చాయని డబ్బాలో పారేశాడు. తప్పు ఎక్కడుందో తెలియకపోవడం కంటే, తెలిసినట్టు ఇన్నాళ్లు మాట్లాడటం ఎక్కువ బాధపెట్టింది.

"మరి జబ్బేంది మేస్త్రీ?"

"నాకేం తెలుసు? నేను గూడా ఇప్పుడే చూస్తాండా," అని మేస్త్రి తిరుపాలును సీట్లో కూర్చోమన్నాడు. "హ్యాండ్ బ్రేక్ బాగా లాగు. ఫస్ట్ గేరేసి, క్లచ్ సగం వదిలి పట్టు. ఘాటెక్కుతాండావనుకో." తర్వాత కేశవులు వైపు తిరిగాడు. "నువ్వు ఆ స్కానర్ పక్కన పెట్టి బానెట్ లోపల చూడు."

బరువు మీద పడేసరికి ఇంజను ఒక పక్కకు ఒరిగింది. దాంతోపాటు సెన్సార్ వైరు సాగి బిగుసుకుంది. సాకెట్‌లో పిన్ను గోరంత వెనక్కి జరిగింది.

"వచ్చ! లైటొచ్చ!" లోపల్నుంచి తిరుపాలు కేకేశాడు.

వైరు నడుమ ఒక నల్లటి ప్లాస్టిక్ ట్యాగు ఉంది. వైరును బాడీకి బిగించి పట్టుకుంది. దాన్ని కట్టింది కేశవులే. నాలుగు నెలల కింద క్లచ్ ప్లేట్లు మార్చినప్పుడు, ఆ వైర్లన్నీ జడ అల్లినట్టు సర్దాడు. అట్లా సర్దడం అతనికి గొప్ప, ఫోటో తీసి కస్టమర్లకు చూపిస్తాడు. సెన్సార్ మార్చిన రెండుసార్లూ పాత ట్యాగు కోసి, కొత్తది ఇంకాస్త బిగించి కట్టాడు. తర్వాత చదునుగా ఉండే బైపాస్ మీద పరిగెత్తించి చూసి, బాగైందన్నాడు.

మేస్త్రి జేబులోంచి బ్లేడు తీసి ఇచ్చాడు.

కేశవులు ట్యాగు కోశాడు. పిన్ను లోపలికి నొక్కి సాకెట్ బిగించాడు. స్కానర్‌తో లైటు ఆర్పి, మళ్లీ క్లచ్ పట్టించారు. ఇంజను ఒరిగింది, వైరు కూడా దాని వెంట జరిగింది. లైటు రాలేదు. ఐదుసార్లు చూశారు. రాలేదు.

తిరుపాలు దిగొచ్చాడు. "ఏముండె? సెన్సారేనా?"

మేస్త్రి చేతులు కడుక్కోవడానికి నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోయి, అటు తిరిగి నిలబడ్డాడు. ఆ కడుక్కోవడం చాలాసేపు సాగింది.

సాకెట్ లూజైందని చెప్పి తప్పించుకోవచ్చు. అందులో అబద్ధం కూడా లేదు. కేశవులు ఆ మాట కోసమే నోరు తెరిచాడు.

"నేనే అన్నా," అన్నాడు. "వైరు బిగించి కట్టింది నేనే. మూడుసార్లూ నేనే."

తిరుపాలుకు కోపం రావాల్సిన చోట అలసట వచ్చింది. "మూడుసార్లు ఆ యమ్మను ఘాట్లో ఎండకు కూచోబెట్టినానప్పా," అన్నాడు. "రేపు ఎక్కుతాదా?"

"ఎక్కుతాదన్నా."

తిరుపాలు తల ఊపి, గ్లాసు తిరిగిచ్చేందుకు టీ బంకు వైపు పోయాడు. అతను కనుమరుగయ్యాక కేశవులు నేల మీద కూలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నా వల్ల కాదు మేస్త్రీ. ఈ పని నాకు రాదు. నా జాగాలో వేరేవాన్ని పెట్టుకోండి."

మేస్త్రి తడిచేతులు లుంగీకి తుడుచుకుంటూ వచ్చి, మోకాలు పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు.

"నిన్నటిదాకా సెన్సార్లు మార్చినావు," అన్నాడు. "ఈరోజు నిన్ను మార్చమంటాండావు."

కేశవులు తలెత్తాడు.

"వైరు అట్లే యాలాడుతాండాది. పొయ్యి, రెండువేళ్ల వదులిచ్చి కట్టు."